పెద్ద వయసులో మన పనులు మనమే చేసుకోవాలంటే: కుర్చీలోంచి లేవడం దగ్గర మొదలయ్యే వ్యాయామ మార్గదర్శి

అరవై దాటినవాళ్ళని వ్యాయామం ఏమన్నా చేస్తున్నారా అని అడిగితే ఎక్కువమంది చెప్పేది ఒకటే, రోజూ వాకింగ్ చేస్తున్నానండీ అని. మంచిదే, అది మానొద్దు. కానీ రోజూ గంట నడిచేవాళ్ళు కూడా సోఫాలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించి, ఒకసారి ముందుకి ఊగి, అమ్మయ్యా అనుకుంటూ లేవడం మీరు చూసే ఉంటారు. నడక గుండెకి, ఊపిరితిత్తులకి చేసినంత మేలు తొడ కండరాలకి, బ్యాలెన్స్‌కి చెయ్యదు. ఇంకొకళ్ళ సాయం కావాల్సి రావడం చాలామందికి మొదలయ్యేదేమో సరిగ్గా అక్కడే, లేవలేకపోవడం దగ్గర. మంచం మీంచి, కుర్చీలోంచి, టాయిలెట్ మీంచి, ఖర్మకాలి పడిపోతే నేల మీంచి.

పెద్దవాళ్ళు ఎంతవరకు సొంతంగా ఉండగలరో చూడ్డానికి డాక్టర్లు 1963 నుంచీ వాడుతున్న ఒక కొలత ఉంది, కట్జ్ ఇండెక్స్ అంటారు. అందులో ఉన్నవి ఆరే పనులు: స్నానం, బట్టలు వేసుకోవడం, టాయిలెట్‌కి వెళ్ళిరావడం, మంచం మీంచి కుర్చీలోకి మారడం, మలమూత్రాలు ఆపుకోగలగడం, తినడం. ఒక్కసారి ఆ లిస్ట్ మళ్ళీ చదవండి, కాళ్ళలో బలం, నిలబడ్డప్పుడు బ్యాలెన్స్ లేకుండా వీటిలో ఎన్ని చెయ్యగలం? స్నానం అన్నిటికంటే ముందు కష్టమయ్యేది కూడా అందుకే, తడి నేల మీద నిలబడి, వంగి, ఒక కాలు ఎత్తి చెయ్యాల్సిన పని అది.

అందుకే ఈ మార్గదర్శిలో బరువు తగ్గడం గురించి, పొట్ట గురించి ఏమీ ఉండదు. ఆ పనులు పోకుండా ఉండాలంటే వారంలో ఏం చెయ్యాలి, ఎలా పెంచుకుంటూ పోవాలి, ఎక్కడ జాగ్రత్త పడాలి, అంతే.

ముందు ఒక్క విషయం: కండ ఎందుకు తగ్గుతుంది, మళ్ళీ వస్తుందా

ముప్పై దాటాక కండ కొద్దికొద్దిగా తగ్గడం మొదలవుతుంది, అరవై తర్వాత ఆ వేగం పెరుగుతుంది. దీనికి సార్కోపీనియా అని పేరు పెట్టింది 1989లో. కండ తగ్గడం కన్నా బలం ఇంకా త్వరగా తగ్గుతుంది, బలం కన్నా వేగం ఇంకా త్వరగా. మన కండరాల్లో నిదానంగా పనిచేసే పోగులు కొన్ని, చటుక్కున పనిచేసేవి కొన్ని ఉంటాయి, వయసుతో ఎక్కువగా దెబ్బతినేది రెండో రకం. కాలు జారినప్పుడు తూలి పడకుండా గబుక్కున ఇంకో అడుగు వేసి నిలదొక్కుకునేది ఆ పోగులతోనే, కాబట్టి అవి బలహీనపడ్డవాళ్ళు ఎంత జాగ్రత్తగా నడిచినా ఒక్కోసారి పడిపోతారు.

మంచాన పడితే ఇంకా దారుణం. 2007లో వచ్చిన ఒక అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళని, సగటు వయసు 67, పది రోజులు పూర్తిగా మంచం మీదే ఉంచితే కాళ్ళలోంచే దాదాపు ఒక కిలో కండ పోయింది. జబ్బు ఏమీ లేదు, ఊరికే పడుకున్నందుకే అంత. ఆస్పత్రిలో వారం పది రోజులు ఉండి వచ్చిన పెద్దవాళ్ళు జబ్బు తగ్గినా మునుపటిలా ఎందుకు లేవలేకపోతున్నారో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

ఇప్పుడు ధైర్యం ఇచ్చే సంగతి. 1990లో అమెరికాలో ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో ఉన్న పదిమందికి, అందరూ తొంభై ఏళ్ళ అటూఇటూ వాళ్ళే, ఎనిమిది వారాలు కాళ్ళకి బరువులతో గట్టి వ్యాయామం చేయించారు. కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది, అంటే రెండున్నర రెట్లు దాటింది. తొంభైలో! కాబట్టి "ఈ వయసులో ఇంకేం వస్తుందిలే" అనే మాట దయచేసి అనొద్దు, వినొద్దు. అయితే వాళ్ళే ఆపేసిన నాలుగు వారాలకి బలం మూడో వంతు దాకా తగ్గిపోయింది, అది కూడా గుర్తుపెట్టుకోండి. ఏ వయసులో మొదలెట్టినా వస్తుంది, ఏ వయసులో ఆపినా పోతుంది.

మొదలుపెట్టే ముందు ఎవరు డాక్టర్‌ని అడగాలి

మామూలుగా తిరుగుతూ, ఏ ఇబ్బందీ లేనివాళ్ళు కింద చెప్పిన తేలికపాటి వాటితో మొదలుపెట్టొచ్చు. కానీ నడిచినప్పుడు ఛాతీలో నొప్పి లేదా బిగుతుగా అనిపించడం, కొంచెం పనికే ఆయాసం, కళ్ళు తిరిగి పడిపోవడం, ఈమధ్య గుండె ప్రాబ్లమ్ లేదా పక్షవాతం రావడం, ఈమధ్య ఏదైనా ఆపరేషన్, కంట్రోల్‌లో లేని బీపీ, గడిచిన ఏడాదిలో రెండు మూడుసార్లు పడిపోవడం, వీటిలో ఏదున్నా ముందు డాక్టర్‌కి చూపించుకుని, వీలైతే ఫిజియోథెరపిస్ట్ దగ్గర మొదలుపెట్టండి. ఇది భయపెట్టడానికి చెప్పట్లేదు, వీళ్ళకి వ్యాయామం అవసరం అందరికన్నా ఎక్కువే, కాకపోతే మొదటి కొన్ని వారాలు పక్కన తెలిసినవాళ్ళు ఉండాలి.

మొదటి మెట్టు: ఇప్పుడు ఎక్కడున్నారో కొలుచుకోండి

దీనికి ఒక కుర్చీ, ఫోన్‌లో టైమర్, పక్కన ఒక మనిషి చాలు. కుర్చీ చేతులు లేనిది, గట్టిది, నేల నుంచి సుమారు 43 సెంటీమీటర్ల ఎత్తుది తీసుకుని గోడకి ఆనించి పెట్టండి, వెనక్కి జరిగిపోకూడదు.

రెండు చేతులూ ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి నిలబడి మళ్ళీ కూర్చోగలరో లెక్కపెట్టండి. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ పెట్టిన లెక్క ప్రకారం 65 నుంచి 69 మధ్య మగవాళ్ళు 12 కన్నా, ఆడవాళ్ళు 11 కన్నా తక్కువ చేస్తే సగటుకన్నా వెనకబడ్డట్టు. 70 నుంచి 74 మధ్య ఆ గీత 12, 10. 75 నుంచి 79 దాకా 11, 10. 80 నుంచి 84 దాకా 10, 9. చేతులు ఆనించకుండా ఒక్కసారి కూడా లేవలేకపోతే స్కోరు సున్నా, దిగులు పడకండి, మీకోసమే కింద వేరే దారి చెప్పా.

రెండోది బ్యాలెన్స్. గట్టి టేబుల్ లేదా వంటగది గట్టు పక్కన నిలబడి ఒక పాదం మడమ ఇంకో పాదం వేళ్ళకి తగిలేలా ఒకే గీత మీద పెట్టి, పట్టుకోకుండా 10 సెకన్లు ఉండగలరా చూడండి. ఉండలేకపోతే పడిపోయే రిస్క్ ఎక్కువ ఉన్నట్టే లెక్క.

మూడోది, కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు మామూలుగా నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోవడానికి ఎంత టైమ్ పడుతుందో. 12 సెకన్లు, అంతకన్నా ఎక్కువ పడితే అదీ హెచ్చరికే.

ఈ మూడు నంబర్లూ తేదీతో సహా ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి.

రెండో మెట్టు: కుర్చీలోంచి లేవడం, దీని మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టండి

ఒకే ఒక్క వ్యాయామం చేస్తాను, ఏది చెయ్యమంటారు అని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇదే. తొడలు, పిరుదులు, నడుము, బ్యాలెన్స్ అన్నీ ఇందులో ఉన్నాయి, పైగా ఏ పనిని కాపాడుకోవాలనుకుంటున్నామో సరిగ్గా ఆ పనే ఇది.

చాలామందికి లేవడం కష్టం అవడానికి సగం కారణం పద్ధతి. వెనక్కి జారబడి కూర్చున్న చోటి నుంచే నిటారుగా లేవాలని చూస్తారు, అలా ఎవరూ లేవలేరు. ముందుగా కుర్చీ అంచు దాకా ముందుకి జరగండి. పాదాలు రెండూ నేల మీద పూర్తిగా ఆనాలి, మోకాళ్ళకన్నా కొంచెం వెనక్కి లాక్కోండి, మధ్యలో తుంటి వెడల్పంత ఎడం. ఇప్పుడు వీపు వంచకుండా తుంటి దగ్గర నుంచి ముందుకి వాలండి, మీ ముక్కు కాలి వేళ్ళ పైకి వచ్చేదాకా, అప్పుడు బరువు కుర్చీ మీంచి పాదాల మీదకి మారడం మీకే తెలుస్తుంది, పిరుదులు తేలికవుతాయి. ఆ క్షణంలో మడమలతో నేలని గట్టిగా నొక్కుతూ, ఊపిరి వదులుతూ లేవండి. మోకాళ్ళు లోపలికి ఒకదానివైపు ఒకటి వాలకూడదు, అవి కాలి రెండో వేలి దిశలోనే ఉండాలి. పూర్తిగా నిలబడ్డాక ఒక సెకను ఆగి పిరుదులు బిగించండి.

కూర్చోవడం ఇంకా ముఖ్యం, ఇక్కడే అందరూ ధబీమని పడేస్తారు. మనసులో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెడుతూ నిదానంగా దిగండి, కుర్చీ తగిలిందో లేదో అన్నట్టు. కండ బలపడటానికి ఆ దిగే పని చాలా సాయం చేస్తుంది, మెట్లు దిగేటప్పుడు పనికొచ్చేదీ అదే బలం.

ఎన్నిసార్లు? చివరి రెండు మూడుసార్లు కష్టంగా అనిపించాలి కానీ పద్ధతి చెడకూడదు. ఎనిమిది నుంచి పన్నెండు సార్లు ఒక సెట్, రెండు నిమిషాలు రెస్ట్, మళ్ళీ ఒక సెట్, వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక రోజు గ్యాప్.

చేతులు లేకుండా లేవలేనివాళ్ళు కుర్చీలో గట్టి దిండు వేసి ఎత్తు పెంచుకోండి. ఎత్తైన చోటు నుంచి లేవడం తేలిక, అక్కడ పన్నెండుసార్లు హాయిగా వచ్చాక పల్చటి దిండుకి మారండి, ఆ తర్వాత దిండు తీసెయ్యండి. లేదా చేతుల కుర్చీలో రెండు చేతులూ ఆనించి మొదలుపెట్టి, తర్వాత ఒక చెయ్యి, తర్వాత వేళ్ళ చివరలు మాత్రమే, ఆ తర్వాత ఏమీ ఆనించకుండా. ఇలా మారడానికి కొందరికి మూడు వారాలు పట్టొచ్చు, కొందరికి మూడు నెలలు, ఎవరి దారి వాళ్ళది.

తేలికైపోయినవాళ్ళు అక్కడే ఆగిపోతే లాభం ఆగిపోతుంది, ఇది చాలామందికి ఎవరూ చెప్పని విషయం. పదిహేనుసార్లు ఈజీగా వచ్చేస్తుంటే ఛాతీ దగ్గర రెండు కిలోల బరువు పట్టుకుని చెయ్యండి, తర్వాత మూడు, నాలుగు. ఇంకో పద్ధతి, లేచేటప్పుడు వీలైనంత చురుగ్గా లేచి, దిగేటప్పుడు నిదానంగా దిగడం. ఇందాక చెప్పిన చటుక్కున పనిచేసే పోగుల్ని నిద్రలేపేది ఈ చురుకుదనమే. కాకపోతే పద్ధతి బాగా వచ్చాకే, మొదటి నెలలో వద్దు.

మూడో మెట్టు: మిగతా బలం

కుర్చీ వ్యాయామం చేసే రోజుల్లోనే ఇవి కూడా కలిపేసుకోండి, అన్నీ కలిపి అరగంటలో అయిపోతాయి.

మడమలు లేపడం: గట్టు పట్టుకుని మునివేళ్ళ మీద పైకి లేచి, రెండు సెకన్లు ఆగి, నిదానంగా దిగడం. పిక్కల బలం నడక వేగానికి చాలా ముఖ్యం. దీంతోపాటు మడమల మీద నిలబడి వేళ్ళు పైకి ఎత్తడం కూడా చెయ్యండి, నడిచేటప్పుడు పాదం సరిగ్గా లేవకపోవడం వల్లే చిన్న గడపకి, కార్పెట్ అంచుకి తట్టుకుంటాం.

కాలు పక్కకి ఎత్తడం: గట్టు పట్టుకుని నిటారుగా ఉండి, కాలు పక్కకి, శరీరం వాలకుండా. ఎత్తు ముఖ్యం కాదు. తుంటి పక్కన ఉండే ఈ కండరాలే ఒంటికాలి మీద ఉన్నప్పుడు నడుముని నిలబెడతాయి, నడకలో ప్రతి అడుగులోనూ కాసేపు మనం ఒంటికాలి మీదే ఉంటాం కదా.

మెట్టు ఎక్కి దిగడం: రెయిలింగ్ పట్టుకుని కింది మెట్టు ఒక్కటే, కుడికాలితో ఎనిమిది, ఎడమకాలితో ఎనిమిది. పై కాలితోనే లేవాలి, కింది కాలితో తన్నుకుని ఎగరొద్దు.

చేతులకి: గోడ నుంచి ఒక చేయి దూరంలో నిలబడి అరచేతులు గోడకి ఆనించి ముందుకి వాలి వెనక్కి నెట్టుకోవడం. తేలికయ్యాక గోడ బదులు గట్టు అంచు. లాగే పని కోసం సాగే రబ్బర్ బ్యాండ్ గట్టి దేనికైనా కట్టి మోచేతులు వెనక్కి లాగడం, వీపు వంగిపోకుండా ఉండటానికి ఇది బాగా పనికొస్తుంది. చివరగా రెండు చేతుల్లో రెండు బరువైన సంచులు పట్టుకుని నిటారుగా గదిలో అటూఇటూ నడవడం, పిడికిలి పట్టు, భుజాలు, నడుము అన్నీ ఒకేసారి పనిచేస్తాయి.

ఏది చేసినా ఊపిరి బిగపట్టొద్దు, బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది. కష్టపడేటప్పుడు వదలండి, తేలికయ్యేటప్పుడు తీసుకోండి. పైకి అంకెలు లెక్కపెడుతూ చేస్తే ఊపిరి బిగపట్టడం కుదరదు, చాలా తేలికైన చిట్కా ఇది.

నాలుగో మెట్టు: బ్యాలెన్స్

బ్యాలెన్స్ అనేది ప్రాక్టీస్ చేస్తే పెరిగేది, అది చాలామంది నమ్మరు. న్యూజిలాండ్‌లో ఒటాగో అనే ప్రోగ్రామ్ తయారుచేశారు, ఇంట్లోనే చేసుకునే కాళ్ళ బలం, బ్యాలెన్స్ వ్యాయామాలు, కొంచెం నడక, అంతే ఉంటుంది అందులో. దానితో పెద్దవాళ్ళు పడిపోవడాలు 35 శాతం తగ్గాయి. 2019లో వంద పైచిలుకు అధ్యయనాల్ని కలిపి చూసిన కోక్రేన్ అనే సంస్థ సమీక్షలో కూడా వ్యాయామం వల్ల పడిపోవడాలు 23 శాతం తగ్గుతాయని తేలింది.

రూల్ ఏంటంటే కొంచెం తూలుతున్నట్టు అనిపించాలి, పడిపోయేంత కాదు. అసలు తూలకపోతే బ్యాలెన్స్‌కి పనే లేదు. గది మూలలో వీపు మూలవైపు పెట్టి, ముందు కుర్చీ పెట్టుకుని నిలబడితే ఎటు తూలినా ఆసరా ఉంటుంది, ఒంటరిగా ఉండేవాళ్ళకి ఇదే సేఫ్. పాదాలు దగ్గరగా పెట్టి 30 సెకన్లు, అది వచ్చాక ఒక పాదం సగం ముందుకి, తర్వాత మడమ వేళ్ళకి తగిలేలా, తర్వాత ఒంటికాలు. ఒక్కో దశలో పట్టు కూడా తగ్గించుకుంటూ రండి, రెండు చేతులు, ఒక చెయ్యి, రెండు వేళ్ళు, ఏమీ లేకుండా. నిలబడటం బాగా వచ్చాక తల నిదానంగా కుడికీ ఎడమకీ తిప్పుతూ చెయ్యండి, ఎందుకంటే నిజ జీవితంలో మనం తిన్నగా గోడని చూస్తూ నిలబడం, ఎవరో పిలిస్తే తల తిప్పినప్పుడు కూడా తూలకుండా ఉండాలి.

తర్వాత కదులుతూ చేసేవి: గట్టు పక్కన పక్కకి అడుగులు వెయ్యడం, గీత మీద నడిచినట్టు మడమ-వేళ్ళ నడక, వెనక్కి నాలుగడుగులు. తాయ్ చీ (నిదానమైన కదలికలతో చేసే చైనా వ్యాయామం) నేర్పేవాళ్ళు దొరికితే వదలొద్దు, పడిపోకుండా కాపాడే వాటిలో దానికి మంచి రుజువులు ఉన్నాయి.

పళ్ళు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడండి అని చాలామంది సలహా ఇస్తారు, నాకు మాత్రం డెబ్భై దాటినవాళ్ళకి అలా చెప్పడం నచ్చదు, తడి నేల, సింక్ అంచు, చేతిలో బ్రష్, మంచి చోటు కాదు అది. పొడి నేల మీద, పాదానికి బిగుతుగా ఉండే జారని బూట్లతో చెయ్యండి, వదులు చెప్పులతో అసలు వద్దు.

ఐదో మెట్టు: నడక

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన గైడ్‌లైన్స్‌లో 65 దాటినవాళ్ళకి వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ, రెండు రోజులు తగ్గకుండా కండరాల వ్యాయామం, మూడు రోజులు తగ్గకుండా బ్యాలెన్స్ మీద దృష్టి పెట్టే వ్యాయామం అని ఉంది. ఓ మోస్తరు అంటే మాట్లాడగలగాలి కానీ పాట పాడలేకపోవాలి. గుండె వేగం చూసి లెక్కేసుకునేవాళ్ళకి ఒక మాట, కొన్ని బీపీ, గుండె మందులు గుండె వేగాన్ని పెరగనివ్వవు, కాబట్టి వాచ్‌లో నంబర్ కన్నా ఈ మాట పరీక్షే నమ్మండి.

150 అనగానే బెదిరిపోకండి, ఐదు నిమిషాలతో మొదలుపెట్టినా లెక్కే, రోజుకి రెండు మూడుసార్లు ఐదేసి నిమిషాలు, వారం వారం ఒకటి రెండు నిమిషాలు కలుపుకుంటూ పోండి. అలవాటయ్యాక మధ్యలో ఒక నిమిషం జోరుగా, రెండు నిమిషాలు మామూలుగా.

ఆరో మెట్టు: నేల మీంచి లేవడం

దీన్ని ఎవరూ ప్రాక్టీస్ చెయ్యరు. పడిపోయి దెబ్బ తగలకపోయినా లేవలేక గంటల తరబడి నేల మీదే ఉండిపోయేవాళ్ళు ఉన్నారు, ఒంటరిగా ఉండేవాళ్ళకి ఇది ప్రాణం మీదకి వచ్చే విషయం. ఒకసారి అలా జరిగితే మళ్ళీ పడతానేమో అన్న భయంతో కదలడం తగ్గించేస్తారు, కదలకపోతే కండ తగ్గుతుంది, నిజంగానే మళ్ళీ పడతారు.

మెత్తటి చాప పరుచుకుని, పక్కన గట్టి కుర్చీ పెట్టుకుని, మొదటిసారి ఇంకో మనిషిని పక్కన ఉంచుకుని చెయ్యండి. వెల్లకిలా ఉంటే ముందు పక్కకి తిరగండి. మోచేతి మీద, తర్వాత అరచేతి మీద ఆని పైభాగం లేపండి. అక్కడి నుంచి చేతులు, మోకాళ్ళ మీదకి రండి, పాకుతూ కుర్చీ దగ్గరికి వెళ్ళండి. రెండు చేతులూ కుర్చీ సీట్ మీద పెట్టి, బలంగా ఉన్న కాలి పాదాన్ని ముందుకి తెచ్చి నేల మీద ఆనించండి. చేతులతో, ఆ కాలితో కలిపి నొక్కి లేస్తూ తుంటి తిప్పి కుర్చీలో కూర్చోండి. లేవగానే నడిచెయ్యొద్దు, ఒక నిమిషం కూర్చోండి.

ఒకేసారి నేల దాకా దిగడం భయమైతే రివర్స్‌లో నేర్చుకోండి. మొదటి వారం కుర్చీ పట్టుకుని ఒక మోకాలు ఎత్తైన దిండు మీద ఆనించి లేవడం, తర్వాత పల్చటి దిండు, తర్వాత నేల, ఆ తర్వాత రెండు మోకాళ్ళు, ఇలా. మోకీలు మార్పిడి జరిగినవాళ్ళు మోకాలి మీద ఆనడం గురించి సర్జన్‌ని అడిగాకే. నిజంగా పడ్డప్పుడు మాత్రం కంగారుగా లేవొద్దు, ముందు ఎక్కడైనా తీవ్రమైన నొప్పి ఉందేమో, కాళ్ళూ చేతులూ కదులుతున్నాయేమో చూసుకుని, తుంటి దగ్గర నొప్పిగా ఉంటే కదలకుండా సాయం పిలవండి. అందుకే ఫోన్ ఎప్పుడూ జేబులోనే, బల్ల మీద కాదు.

వారం ఎలా ఉండాలి

సోమ, బుధ, శుక్ర బలం ప్లస్ బ్యాలెన్స్, మంగళ, గురు, శని నడక కొంచెం ఎక్కువ, ఆదివారం ఊరికే తిరగడం. నేల మీంచి లేవడం వారానికి ఒకసారి. ఇదే కరెక్ట్ అని కాదు, మీ టైమ్‌ని బట్టి మార్చుకోండి, కానీ బలం రోజులు రెండుకన్నా తగ్గనివ్వొద్దు. మొదటి రెండు వారాలు కావాలనే తక్కువ చెయ్యండి, ఒక్కోటి ఒకే సెట్. ఉత్సాహంగా మొదటిరోజే అన్నీ చేసి, మూడోరోజు ఒళ్ళునొప్పులతో మానేసేవాళ్ళే ఎక్కువ.

ఇలా క్రమం తప్పకుండా చేస్తే ఏం ఒరుగుతుంది అంటే, 2014లో లైఫ్ స్టడీ అని ఒకటి వచ్చింది, 70 నుంచి 89 ఏళ్ళ మధ్య 1,635 మంది, అందరూ అప్పటిదాకా కదలకుండా కూర్చునేవాళ్ళే. సగం మందికి నడక, బలం, బ్యాలెన్స్ వ్యాయామాలు, సగం మందికి ఆరోగ్యం మీద క్లాసులు. సగటున 2.6 ఏళ్ళ తర్వాత చూస్తే 400 మీటర్లు నడవలేని స్థితికి చేరినవాళ్ళు క్లాసుల గ్రూపులో 35.5 శాతం, వ్యాయామం గ్రూపులో 30.1 శాతం. తేడా మరీ గొప్పగా లేదే అనిపించొచ్చు, కానీ నూటికి ఐదుగురు ఇంకా సొంతంగా బయటికి వెళ్ళగలుగుతున్నారు అంటే ఆ ఐదుగురికీ, వాళ్ళ ఇంట్లోవాళ్ళకీ అది చిన్న విషయం కాదు.

తిండి గురించి ఒక్క మాటే, కండ పెరగాలంటే ప్రోటీన్ కావాలి, పెద్ద వయసులో కిలో బరువుకి రోజుకి 1 నుంచి 1.2 గ్రాములు, మూడు పూటలా పంచి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు డాక్టర్ చెప్పిన లెక్కే పాటించాలి.

నొప్పి, జబ్బులు ఉన్నవాళ్ళు

మోకాళ్ళ అరుగుదల ఉంది, వ్యాయామం చేస్తే ఇంకా అరిగిపోతాయి అనేది చాలా గట్టిగా నాటుకుపోయిన భయం. నిజానికి మోకాళ్ళ ఆర్థరైటిస్‌కి మొదట చెప్పే చికిత్సల్లో తొడ కండరాల వ్యాయామం ఒకటి. చేసేటప్పుడు కొద్దిపాటి నొప్పి ఫర్వాలేదు, మర్నాటికల్లా మామూలు స్థాయికి వచ్చెయ్యాలి. రాకపోతే మానెయ్యొద్దు, కుర్చీ ఎత్తు పెంచండి, సార్లు తగ్గించండి. మోకాలు వాచినా, ఎర్రగా వేడిగా ఉన్నా మాత్రం చూపించుకోండి.

ఎముకలు పల్చబడ్డాయని తేలినవాళ్ళు నడుము వంచి ముందుకి వంగే వ్యాయామాలు, బరువుతో నడుము మెలితిప్పేవి వదిలెయ్యండి, మిగతావన్నీ వాళ్ళకి మరీ అవసరం. ఇన్సులిన్ లేదా షుగర్ బాగా దించే మాత్రలు వాడేవాళ్ళు ముందు షుగర్ చూసుకోండి, 90 లోపు ఉంటే కొంచెం ఏమన్నా తిన్నాకే మొదలుపెట్టాలి, అయ్యాక పాదాల్లో పుండ్లు, బొబ్బలు ఉన్నాయేమో చూసుకోవాలి. లేచి నిలబడగానే కళ్ళు తిరిగేవాళ్ళు లేచే ముందు కూర్చుని ఉండగానే పదిసార్లు పాదాలు ఆడించి, నిదానంగా లేవండి, పడుకున్నప్పుడు నిలబడ్డప్పుడు బీపీ చూపించుకోండి, పై నంబర్ 20 పాయింట్లు పడిపోతుంటే డాక్టర్‌కి తెలియాలి.

ఛాతీలో నొప్పి, దవడకో చేతికో పాకే నొప్పి, తగ్గని ఆయాసం, చల్లని చెమటలు, మాట తడబడటం, ఒకవైపు బలహీనత, వీటిలో ఏది వచ్చినా వెంటనే ఆపి ఆలస్యం చెయ్యకుండా ఎమర్జెన్సీకి ఫోన్ చెయ్యాలి.

జ్వరమో, ఆపరేషనో వచ్చి కొన్ని రోజులు మంచాన ఉంటే తిరిగి మొదలుపెట్టేటప్పుడు సగం నుంచి మొదలుపెట్టండి. మంచంలో ఉన్నన్ని రోజులూ కూడా డాక్టర్ ఒప్పుకుంటే పడుకునే పాదాలు ఆడించడం, మోకాలు కిందికి నొక్కి తొడ బిగించడం, భోజనానికి మంచం దిగి కుర్చీలో కూర్చోవడం చేస్తే కోలుకునే టైమ్ చాలా కలిసొస్తుంది.

ఇంట్లోవాళ్ళకి

ఇది కొంచెం గట్టిగానే చెప్తున్నా. "నువ్వు కూర్చో అమ్మా నేను తెస్తాలే", "మీరు లేవకండి నాన్నా" అనే మాటలు ప్రేమతోనే అంటాం, కానీ రోజుకి ఇరవైసార్లు లేచే మనిషిని ఐదుసార్లకి దించేస్తే ఆ పదిహేను లేవడాల వ్యాయామం మనమే లాగేసుకున్నట్టు. వాళ్ళు చెయ్యగలిగే పని నిదానంగా చేస్తుంటే చూస్తూ ఆగడం కష్టమే, అయినా ఆగండి. లేపాల్సి వచ్చినా చంకల కింద చేతులు పెట్టి లాగొద్దు, భుజం దెబ్బతింటుంది. ముందుకి జరుగు, పాదాలు వెనక్కి పెట్టు, ముందుకి వాలు అని మాటతో చెప్పి, కావాలంటే వీపు వెనక చెయ్యి మాత్రం ఆనించండి. మీరు నిజంగా చెయ్యాల్సిన సాయం వేరే ఉంది: నేల మీద జారే చాపలు, వైర్లు తీసెయ్యడం, బాత్రూమ్‌లో గోడకి పట్టుకునే కడ్డీ బిగించడం, రాత్రి టాయిలెట్‌కి వెళ్ళే దారిలో లైట్ పెట్టడం, వారానికి మూడు రోజులు పక్కన మీరూ కుర్చీ వేసుకుని కలిసి చెయ్యడం.

మూడు నెలలకోసారి మళ్ళీ కొలవండి

నోట్‌బుక్ తీసి అవే మూడు పరీక్షలు, అదే కుర్చీతో. కుర్చీ లెక్క రెండు పెరిగినా అది మంచి మార్పే. పెరగకుండా అక్కడే ఉంటే బహుశా వ్యాయామం తేలికైపోయింది, బరువు పెంచండి లేదా దిండు తీసెయ్యండి. సరిగ్గా చేస్తున్నా నంబర్ తగ్గుతుంటే, లేదా ఈమధ్యే తూలడం మొదలైతే దాన్ని వయసు మీదకి తోసెయ్యకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని మరీ వెళ్ళండి. నిద్రమాత్రలు, కొన్ని బీపీ మందులు, కొన్ని అలర్జీ మాత్రలు బ్యాలెన్స్‌ని దెబ్బతీస్తాయి, ఏవి తగ్గించొచ్చో డాక్టర్ చూసి చెప్తారు, మీ అంతట మీరు ఆపొద్దు. కళ్ళు, చెవులు, విటమిన్ బి12, థైరాయిడ్ కూడా ఆ విజిట్‌లోనే చూపించేసుకోండి.